తొలి నెల పుస్తకం పక్కన పెట్టండి సారూ!

ఆరో తరగతి పిల్లలకు ఫిజికల్ సైన్స్ తొలిసారి ఎదురయ్యే నెల ఇది. ఓ వెదురు కర్ర, దారం, గులకరాయి, చిటికెడు పసుపు, టార్చి బ్యాటరీ ఉంటే ఆ నెల ఎలా గడపవచ్చో, ఎందుకు అలాగే గడపాలో చెప్పే కథనం.

జూన్ 12. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడి గంట మోగే రోజు. అయిదో తరగతి దాకా తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ దాదాపు ఒకే టీచరమ్మ దగ్గర నేర్చుకున్న పిల్లలకు ఆరో తరగతిలో పీరియడుకో మనిషి వస్తారు. లెక్కల సారు వేరు, సోషల్ మేడం వేరు. పెద్ద బడుల్లో సైన్స్ కూడా రెండు చేతుల మీదుగా నడుస్తుంది. ఒకరు పి.ఎస్. సారు, ఇంకొకరు బి.ఎస్. మేడం. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పుస్తకమే రెండుగా చీలిపోతుంది.

తొలి పీరియడులో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. సారు పేర్లు అడుగుతారు. "రెండు వందల పేజీల నోట్సు కొనుక్కోండి, అట్టలు వేసుకుని రండి" అంటారు. మర్నాడు మొదటి పాఠం పేరు బోర్డు మీద పడుతుంది. దాని కింద నిర్వచనం, ఆ కింద ప్రశ్నలు, జవాబులు. పిల్లలు తలవంచుకుని రాసుకుంటారు. పదకొండేళ్ల వయసు అది. ఎందుకు, ఎలా అంటూ ఇంట్లో అందరి ప్రాణాలూ తోడే వయసు. సైన్స్ అంటే ఎవరో ఎప్పుడో కనిపెట్టేసి వెళ్లిన జవాబులను కుదురుగా రాసుకోవడమేనని ఆ వారంలోనే వాళ్లు తేల్చేసుకుంటారు. ఆ అభిప్రాయం పదో తరగతి దాకా వాళ్లను వదలదు. కాబట్టి ల్యాబ్ ఉందా, సిలబస్ ఎంత అని అడిగేముందు తొలి నెల సంగతి తేల్చుకోవాలి. ఆ నెలంతా పిల్లలు కొలవాలి, కలపాలి, వెలిగించాలి, వాదించుకోవాలి. నిర్వచనాలు ఆ తర్వాత వస్తే చాలు.

జూన్‌లో అందుకు వెసులుబాటు కూడా ఉంది. పుస్తకాలు అందరికీ అందేసరికి కొన్ని రోజులు గడుస్తాయి. అడ్మిషన్లు సాగుతూనే ఉంటాయి. చాలాచోట్ల మొదటి వారాలు బ్రిడ్జి కోర్సు పేరుతో పాత పాఠాలకే పోతాయి. పరీక్షల హడావిడి ఇంకా మొదలవదు. సైన్స్ టీచరుకు ఏడాదిలో మళ్లీ ఇంత తీరిక దొరకదు.

మిట్ట మధ్యాహ్నం నీడ ఎటు?

మొదటి రోజు పిల్లలను వరండాలో నిలబెట్టి ఒకే ప్రశ్న అడగవచ్చు. "మధ్యాహ్నం పన్నెండింటికి నీడ ఎటు పడుతుంది?" ఎక్కువమంది ఠక్కున చెప్పేది ఒకటే: "అప్పుడు నీడ ఉండదు సార్, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు." పెద్దవాళ్లను అడిగినా చాలామంది ఇదే చెబుతారు. అవునని గానీ కాదని గానీ అనకుండా మీటరు పొడవున్న కర్రను ఎండలో నిటారుగా పాతించాలి. నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే సరిపోతుంది. పదకొండున్నర నుంచి అయిదేసి నిమిషాలకు నీడ కొన దగ్గర ఒక గులకరాయి పెడుతూ పోవాలి.

జూన్ నడుమ హైదరాబాదులో ఆ నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది పన్నెండు గంటలకు కాదు, సుమారు 12 గంటల 16 నిమిషాలకు. అప్పుడు కూడా అది మాయం కాదు. దాదాపు 10 సెంటీమీటర్లు ఉంటుంది. పైగా దక్షిణం వైపు పడుతుంది. అంటే సూర్యుడు ఆ వేళ మన నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉన్నాడన్నమాట. అదే కర్ర ఆదిలాబాదులో పాతితే నీడ 6 సెంటీమీటర్లకు తగ్గుతుంది, తిరుపతిలో 16 దాటుతుంది. విశాఖపట్నంలో పన్నెండు కొట్టడానికి మూడు నిమిషాల ముందే నీడ అన్నిటికన్నా పొట్టిదవుతుంది. మన గడియారాలన్నీ నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి. ఆ రేఖ కాకినాడకు చేరువగా పోతుంది. విశాఖ దానికి తూర్పున, హైదరాబాదు పడమరన ఉన్నాయి. ఈ తేడా అంతా అక్కణ్నుంచి వచ్చిందే.

ఇవన్నీ ఆ రోజే చెప్పేయనక్కర్లేదు. చెప్పకపోతేనే మంచిది. వారానికోసారి అదే చోట నీడ కొలిచి గోడమీద అతికించిన చార్టులో రాస్తే చాలు. జూన్ 21 దాటాక నీడ కుంచించుకుపోవడం మొదలవుతుంది. ఆదిలాబాదులో జులై ఆఖరి వారంలో, హైదరాబాదులో ఆగస్టు 3 ప్రాంతంలో, తిరుపతి, చిత్తూరు వైపు స్వాతంత్ర్య దినోత్సవానికి అటూ ఇటూగా ఒక మధ్యాహ్నం నీడ నిజంగానే కర్ర కాళ్ల కిందికి వచ్చేస్తుంది. ఆ తర్వాత మళ్లీ సాగుతుంది, ఈసారి ఉత్తరం వైపు. వానాకాలం కాబట్టి కొన్ని వారాలు మబ్బు అడ్డం పడుతుంది. ఆ వారం చార్టులో గడి ఖాళీగానే ఉంచాలి. మబ్బు పట్టిన రోజు కొలత లేదని రాయడం, పక్క వారాన్ని చూసి ఊహించి నింపకపోవడం కూడా పిల్లలు నేర్చుకోవలసిన సంగతే. ఖాళీ గడి కనిపిస్తే చాలు, ఏదో ఒకటి నింపేయమనే పెద్దలు వాళ్లకు తర్వాత చాలామంది ఎదురవుతారు.

దారం, గులకరాయి

రెండో వారానికి ఇంకా చవకైన పని ఉంది. దారానికి రాయి కట్టి కిటికీ ఊచకు వేలాడదీసి ఊపడం. తరగతిని అయిదారుగురి జట్లుగా విడదీసి ప్రతి జట్టుకూ ఒక దారం, ఒక రాయి ఇవ్వాలి. "ఇది వేగంగా ఊగాలంటే ఏం చేయాలిరా?" అంటే జవాబులు కుప్పలుతెప్పలుగా వస్తాయి. బరువైన రాయి కట్టాలి. గట్టిగా తోయాలి. పొడవు దారం కావాలి, కాదు పొట్టి దారం కావాలి. అన్నీ బోర్డు మీద రాయాలి. ఒక్కటీ కొట్టేయకూడదు.

ఇక కొలవడమే. అటు పోయి ఇటు వస్తే ఒక ఊపు. పది ఊపులకు ఎన్ని సెకన్లో సారు ఫోనులోని స్టాప్‌వాచ్ చూసి చెబుతుంటే పిల్లలు లెక్కపెట్టుకుంటారు. ఊచ నుంచి రాయి నడిమి దాకా పాతిక సెంటీమీటర్లు ఉంటే పది ఊపులకు పది సెకన్లు పడుతుంది. దారాన్ని నాలుగింతలు చేసి మీటరుకు పెంచితే నలభై సెకన్లు పడుతుందని పిల్లల అంచనా. తీరా చూస్తే ఇరవయ్యే. రాయి మార్చి రెట్టింపు బరువున్నది కట్టినా ఆ పది సెకన్లు పదిగానే ఉంటాయి. కాస్త ఎక్కువ దూరం లాగి వదిలినా పెద్దగా మారదు. బరువు రాయిని నమ్ముకున్న జట్టు మొహాలు ఆ క్షణంలో చూడాలి. ఇక్కడ వాళ్లను ఓడించింది సారు కాదు, వాళ్లు ఊపిన రాయే.

ఈ పాఠంలో అసలు విలువైన భాగం ఆ తర్వాత మొదలవుతుంది. ఆరు జట్లు కొలిస్తే ఆరు అంకెలు వస్తాయి. ఒకరికి పది, ఒకరికి తొమ్మిదిన్నర, ఒకరికి పదకొండు. "ఎవరిది కరెక్ట్ సార్?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. చాలామంది టీచర్లు చేయి జార్చుకునేది ఇక్కడే. సరైన అంకె చెప్పేసి మిగతావాళ్లను తప్పు చేసినవాళ్లుగా కూర్చోబెడతారు. అలా కాకుండా అన్ని అంకెలనూ బోర్డు మీద పట్టికగా వేసి, తేడా ఎందుకొచ్చిందో వాళ్లనే వెతకమనాలి. ఎవరో ఊపులు లెక్కపెట్టేటప్పుడు సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలుపెట్టి ఉంటారు. ఎవరి దారమో ముడి దగ్గర జారి ఉంటుంది. ఇంకో జట్టు కొలతను రాయి పైభాగం దగ్గరే ఆపేసి ఉంటుంది. మళ్లీ కొలుస్తారు. అంకెలు దగ్గరపడతాయి, అయినా అచ్చంగా ఒకటి కావు. సగటు ఎందుకు కావాలో లెక్కల పుస్తకం ఎన్ని పేజీల్లో చెప్పినా ఈ బోర్డు చెప్పినంత తేటగా చెప్పలేదు.

హోషంగాబాద్ చేసి చూపింది

ఇదంతా వినడానికి బాగానే ఉంటుంది, సర్కారు బడిలో సాగుతుందా అని అడిగేవారి కోసం ఒక చరిత్ర ఉంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ముందుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి నేలమీద కూర్చున్నారు. 1978 నాటికి అది జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ పాకింది. ఆ పనిని ముందుకు తీసుకెళ్లేందుకే 1982లో ఏకలవ్య సంస్థ పుట్టింది.

అక్కడి పుస్తకం పేరు 'బాల వైజ్ఞానిక్'. అందులో జవాబులు ఉండేవి కావు. ఏం చేయాలో ఉండేది, ఏం చూశావని అడిగేది, రాసుకోవడానికి ఖాళీ జాగా ఉండేది. ప్రతి బడికీ ఒక కిట్టు. పిల్లలు తమ సందేహాలను 'సవాలీరామ్' అనే ఒక కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాస్తే జవాబులు వచ్చేవి. టీచర్లు నెలకోసారి కలుసుకుని ఏ ప్రయోగం కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవారు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి టెల్కోలో పనిచేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు పెట్టుకుని వెళ్లింది అక్కడికే. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి ఆయన కట్టిన ఆకారాలు అక్కడ పుట్టినవే. చెత్త నుంచి ఆయన తయారుచేసిన ఆటబొమ్మలు తర్వాత దేశమంతా తిరిగాయి. ఆయన పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.

ఇందులో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది పరీక్ష. పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాసేవారు. చూసి రాస్తే దొరికే జవాబులు ప్రశ్నపత్రంలో ఉండేవి కావు మరి. చేతులతో చేసి చూపించాల్సిన భాగం విడిగా ఉండేది. పరీక్ష మారింది కాబట్టి బోధన మారింది. మన దగ్గర మొదలైన ఎన్నో ప్రయత్నాలు కిట్లు పంచడంతోనే ఆగిపోవడానికి కారణం కూడా ఇదే. కిట్టు కొత్తది, పరీక్ష పాతది. టీచరు ఎటు మొగ్గుతారో చెప్పక్కర్లేదు.

ముప్ఫై ఏళ్లు నడిచి పదిహేను జిల్లాల్లో వెయ్యికి పైగా బడులకు చేరాక, 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అది పొరపాటు నిర్ణయమని నా అభిప్రాయం. అంతకాలం సర్కారు బడుల్లో, సర్కారు టీచర్లతో నడిచిందన్న వాస్తవం మాత్రం చెరిగిపోదు.

ఎర్రనీళ్ల కెమిస్ట్రీ

మన వంటింట్లో ఉన్నంత రసాయన శాస్త్రం చాలా బడుల ల్యాబుల్లో లేదు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన చొక్కా మీద పసుపు మరక. దాని మీద సబ్బు పడగానే ఎర్రబడుతుంది. బట్టలుతికే ప్రతి అమ్మకూ ఇది తెలుసు. దిష్టి తీయడానికి నీళ్లలో పసుపు, సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా ఈ కలయికే. ఇన్ని చూసిన పిల్లవాడికి ఆమ్లం, క్షారం అనే పాఠంలో ముందుగా లిట్మస్ కాగితం పేరు చెబుతాం. అది వాడు ఎన్నడూ చూడనిది, చాలా బడుల్లో బీరువా దాటి బయటికి రానిది.

మూడో వారంలో పసుపు ముద్దను తెల్ల కాగితం మీద పూసి ఆరబెట్టి పట్టీలుగా కత్తిరించాలి. ఇంటి నుంచి ఎవరికి తోచింది వాళ్లు చిన్న సీసాలో తెచ్చుకోవాలి: చింతపండు రసం, మజ్జిగ, సబ్బు నీళ్లు, వంటసోడా కలిపిన నీళ్లు, పంచదార నీళ్లు, బోరు నీళ్లు. చుక్క వేసే ముందు ఎర్రబడుతుందా లేదా అని ముందుగా నోట్సులో రాసుకోవాలి. ఎర్రబడ్డ చోట నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపురంగు వచ్చేస్తుంది. అది చూసిన పిల్లలు ఇక ఊరుకోరు, రంగు అటూ ఇటూ మారుస్తూనే ఉంటారు. చింతపండుకూ పంచదార నీళ్లకూ పసుపు ఒకేలా ఉండిపోతుందని ఎవరో గమనిస్తారు. అప్పుడు మందార పువ్వు బయటికి తీయాలి. మందార రేకులు నానబెట్టిన నీళ్లు పులుపు తగిలితే ముదురు గులాబీ రంగులోకి, సబ్బు తగిలితే ఆకుపచ్చలోకి మారతాయి. పసుపు చెప్పలేనిది మందారం చెబుతుంది. తాంబూలం సున్నం మాత్రం టీచరే కలపాలి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

ఈ ఒక్క వారంలో ఇంటికీ బడికీ మధ్య ఉన్న గోడ కొంత కూలుతుంది. అమ్మమ్మకు తెలిసిన విషయం బడిలో పనికొచ్చిందని పిల్లవాడు ఇంటికెళ్లి చెబుతాడు. చదువుకోని తల్లి కూడా ఆ రోజు తన బిడ్డ సైన్స్ పాఠంలో ఒక చేయి వేస్తుంది.

బల్బు వెలిగించు చూద్దాం

ఒక టార్చి బ్యాటరీ, ఒక చిన్న బల్బు, ఒక ముక్క వైరు. వెలిగించాలి. ఇంతే ప్రశ్న. అమెరికాలో హార్వర్డ్, ఎం.ఐ.టి. పట్టభద్రులకు స్నాతకోత్సవం రోజునే, గౌన్లు తొడుక్కుని ఉండగానే ఇదే సామాను ఇచ్చి వెలిగించమంటే చాలామంది తడబడ్డారు. 1997 నాటి ఒక డాక్యుమెంటరీలో అది కనిపిస్తుంది. సర్క్యూట్ బొమ్మ గీయగలిగినవారు కూడా బల్బుకు రెండు చోట్ల తగలాలని పోల్చుకోలేకపోయారు. కింద ఉన్న బొడిపె ఒకటి, పక్కనున్న లోహపు తొడుగు రెండోది. పిల్లలు అరగంటలో దీన్ని తంటాలు పడి కనిపెడతారు. మొదట ఎవరి బల్బు వెలిగినా గదంతా కేకలు. పక్క క్లాసు టీచరు వచ్చి చూస్తారు. రానివ్వండి.

ఇప్పుడొక చిక్కుంది. పాత ఫిలమెంటు టార్చి బల్బులు బజారులో దొరకడం కష్టమైపోయింది. ఎల్.ఇ.డి.లు ఎలక్ట్రికల్ షాపులో చవగ్గానే దొరుకుతాయి గానీ ఒక బ్యాటరీతో అవి వెలగవు. తెల్ల ఎల్.ఇ.డి.కి సుమారు మూడు వోల్టులు కావాలి. కాబట్టి రెండు బ్యాటరీలు వరసగా పెట్టాలి. పైగా దానికి ఒక కాలు పొడవు, ఒకటి పొట్టి. పొడుగు కాలు బ్యాటరీ ప్లస్ వైపే ఉండాలి, తిప్పి పెడితే వెలగదు. ఇది కూడా పిల్లలే కనిపెట్టనివ్వచ్చు. వైరు ముక్కను బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తగిలిస్తే వేడెక్కుతుందని, వెంటనే తీసేయాలని ముందే చెప్పాలి. గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టుల కరెంటు. దాని జోలికి ఎవరూ పోకూడదని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ రోజంతా ఉంచాలి. ఈ విషయంలో మెత్తదనం పనికిరాదు.

కొవ్వొత్తి చెప్పే అబద్ధం

పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి, పైన బోర్లించిన గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి పైకి ఎక్కుతాయి. "ఆక్సిజన్ ఖర్చయిపోయింది, గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ కాబట్టి నీళ్లు అంతమేరకు ఎక్కాయి" అని మనకందరికీ చెప్పారు. ఈ వివరణ తప్పు. ఇప్పటికీ ఎన్నో తరగతుల్లో అదే చెబుతున్నారు.

జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్లు మెల్లగా ఎక్కుతూ ఉండాలి. నిజానికి మంట ఆరిపోయాకే నీళ్లు గబగబా ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు మంట వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. అంచు దగ్గర బుడగలు కూడా కనిపిస్తాయి. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ జాగాలోకి నీళ్లు ఎక్కుతాయి. అసలు కొవ్వొత్తి ఆరిపోయే సమయానికి లోపల ఆక్సిజన్ పూర్తిగా అయిపోయి ఉండదు. నమ్మకం కుదరకపోతే ఒక కొవ్వొత్తి బదులు మూడు పెట్టి చూడండి. గ్లాసు అదే, గాలి అంతే, నీళ్లు మాత్రం ఎక్కువ ఎత్తుకు ఎక్కుతాయి.

ఇది పిల్లలతో చేయించాలి, పాత వివరణ కూడా చెప్పాలి, ఏది సరైనదో కనిపెట్టమనాలి. అచ్చులో ఉన్న మాటను కూడా పరీక్షించవచ్చని పిల్లలకు తెలిసే రోజు అది. మైఖేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ సెలవులకు పిల్లల కోసం ఇచ్చిన ఆరు ఉపన్యాసాలూ ఒక్క కొవ్వొత్తి మీదే. అవి 1861లో పుస్తకంగా వచ్చాయి. ఫారడే చిన్ననాట పెద్ద చదువులు చదవలేదు, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరాడు. అంతటి శాస్త్రవేత్త కొవ్వొత్తి దగ్గర కూర్చుని పిల్లలతో అన్ని రోజులు మాట్లాడాడు. మనం ఒక పీరియడు ఇవ్వలేమా?

బీరువా తాళం ఎవరి దగ్గర?

తప్పంతా టీచర్ల మీదికి నెట్టడం అన్యాయం. విద్యాహక్కు చట్టమే ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్స్, లెక్కలు కలిపి ఒక టీచరుంటే చాలంది. చిన్న అప్పర్ ప్రైమరీ (యూపీ) స్కూళ్లలో ఆ ఒక్కరే రెండూ మోస్తారు. లెక్కల్లో వెనకబడ్డారన్న భయంతో సైన్స్ పీరియడు కూడా లెక్కలకే పోతుంది. హైస్కూల్లో పి.ఎస్. టీచరు మీద ఒత్తిడంతా పదో తరగతి ఫలితాలదే. ఆరో తరగతి పాఠం మిగిలిన ఓపికతో నడుస్తుంది.

పరికరాలున్న బడుల్లోనూ బీరువాలు తెరవరు. బద్ధకం వల్ల అనుకోకండి. స్టాక్ రిజిస్టరు భయం అది. బీకరు పగిలితే ఎవరు కట్టాలి? ఛార్జి అప్పగించేటప్పుడు లెక్క తేలకపోతే? కొన్ని బడుల్లో లక్షల ఖర్చుతో వచ్చిన టింకరింగ్ ల్యాబు తాళాలతో ఉంటుంది, పక్క గదిలో పిల్లలకు కొలవడానికి టేపు దొరకదు. ప్రయోగంలో పగిలిన వస్తువును రాసి కొట్టేసే అధికారం హెచ్.ఎం.కు ఉండాలి. పగిలినవి ఎక్కువ ఉన్న బడిని చూసి అధికారి సంతోషించాలి. అక్కడ పిల్లలు పనిచేశారన్నమాట.

పాఠ్యపుస్తకాల్లో లోటు పెద్దగా లేదు. మన పుస్తకాల్లో అడుగడుగునా కృత్యాలున్నాయి. విద్యా ప్రమాణాల్లో ప్రయోగాలూ క్షేత్ర పరిశీలనలూ విడిగా ఒక ప్రమాణం. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. కానీ జరిగేదేమిటి? కృత్యాన్ని ఒక పిల్లవాడు పైకి చదువుతాడు, ఫలితాన్ని అందరూ రాసుకుంటారు. ప్రాజెక్టు పని గైడులోంచి దిగుతుంది. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి థర్మకోల్ అగ్నిపర్వతం దుకాణంలో కొనుక్కొస్తారు. విశాఖపట్నంలో చదువుకుని పదకొండేళ్లకే మెట్రిక్ దాటిన సి.వి. రామన్ పేరు మీద జరుపుకునే రోజది. కొనుక్కొచ్చిన నమూనాలకు ఆ రోజు బహుమతులివ్వడం మానేయాలి.

ప్రైవేటు బడుల సంగతి వేరేలా బాధ పెడుతుంది. ఆరో తరగతిలోనే 'ఐఐటీ ఫౌండేషన్' అంటూ వేగం, త్వరణం సూత్రాలతో లెక్కలు చేయిస్తున్నారు. దారానికి కట్టిన రాయి ఎంతసేపు ఊగుతుందో ఒక్కసారీ కొలవని పిల్లవాడు లోలకం సూత్రంలో అంకెలు వేసి జవాబు తెస్తున్నాడు. పదకొండేళ్ల బిడ్డకు ఇది అన్యాయం. తల్లిదండ్రులు ఫీజు కట్టి మరీ కొంటున్న అన్యాయం.

సాయం అందించేవాళ్లు లేకపోలేదు. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్ ఉంది. దాని సంచార ప్రయోగశాలలు పల్లె బడులకు తిరుగుతాయి. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికను నడుపుతోంది, పిల్లలకు సైన్స్ సంబరాలు జరుపుతోంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. అక్కడ ఫార్మాట్లు నింపే సమయంలో సగం తగ్గించి, వచ్చే నెల చేయించబోయే నాలుగు ప్రయోగాలను టీచర్లు తామే చేసి చూసుకోవచ్చు. హోషంగాబాద్ టీచర్లు చేసింది అదే. నలుగురు తోటి టీచర్ల మధ్య ఒకసారి బల్బు వెలిగించి చూసుకున్న టీచరు తరగతిలో "నాకూ తెలియదర్రా, చేసి చూద్దాం" అని ధైర్యంగా అనగలరు.

తల్లిదండ్రులకూ పాఠశాల కమిటీ సభ్యులకూ ఒక విన్నపం. ఈ వారమే మీ బడి హెచ్.ఎం. గారిని కలవండి. ఆరో తరగతి టైంటేబుల్‌లో వారానికొకసారి రెండు సైన్స్ పీరియడ్లు పక్కపక్కన వేయమని అడగండి. నలభై నిమిషాల్లో ఏ ప్రయోగమూ పూర్తవదు, ఎనభైలో అవుతుంది. దీనికి నిధులు అక్కర్లేదు, పై నుంచి ఉత్తర్వులు రావలసిన పనీ లేదు. దారం, బ్యాటరీలు, ఎల్.ఇ.డి.లు, కొలత టేపు కొనడానికి ఊళ్లో ఎవరో ఒకరు ముందుకు రండి. మొదటి యూనిట్ టెస్టుకు సిలబస్ ఎంతయిందని జులైలో సారును నిలదీయకండి. తొలి నెల ఆయనకు వదిలేయండి.